తొమ్మిది రోజుల మందు

శ్రావణం 3

ఇవాళ్టి నుంచి నేను నేరస్తురాలిని. ఇంటి గోడ మీది తెరకు చెప్తే అది శాఖకు చెప్తుంది కాబట్టి కాగితం మీద పెన్సిల్‌తో రాస్తున్నాను. కొత్త కాగితం కావాలంటే ఎందుకో చెప్పాలి. అందుకని నా ఉద్యోగం నాటి పాత పంచనామాల వెనకవైపు వాడుకుంటున్నాను. ముందువైపు ఎవరెవరి ఇళ్ళల్లో ఎన్ని శేర్ల కందులు పట్టుకున్నానో నా దస్తూరీలోనే ఉంది.

నా పేరు తిరుపాలమ్మ. నిల్వల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు తూకందారుగా చేసి దిగాను. మూడు రోజులకు మించి ఏ ఇంట్లోనూ తిండిగానీ మందుగానీ ఉండకూడదు. ఉన్న ఇంటికి వెళ్ళి తూచి, ఎక్కువైనది పట్టుకుపోవడం నా పని. ఇష్టపడే చేశాను. కరువు ఏడాదిలో గోదాముల నిండా బియ్యం పెట్టుకుని తాళాలు వేసినవాళ్ళను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. మా చెల్లెలు ఆ ఏడే పోయింది. దాచడం అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు నేనే దాస్తున్నాను, నా కూతురు హిమజ కోసం. దానికి ఇరవై నాలుగేళ్ళు. తొమ్మిదో ఏటి నుంచి ఇన్సులిన్ మీదే ఉంది. కొండ కింద నుంచి తీగబండి రోజూ పొద్దున వచ్చి, ఇంటి ముందు గూట్లో ఆ రోజు తిండీ, హిమజకు ఒక ట్యూబు మందూ దించి పోతుంది. కిందటి చైత్రంలో కళ్ళు కనబడనంత దుమ్ముతో ఎర్రగాలి లేచి నాలుగు రోజులు బండి రాలేదు. ఉన్న మూడు ట్యూబులూ మూడు రోజుల్లో అయిపోయాయి. ఐదో రోజుకు పిల్ల వాంతులు చేసుకుని, రొప్పుతూ, నోట్లోంచి మగ్గిన పండు వాసన వస్తూ నా ఒళ్ళో పడి ఉంది. మధ్యాహ్నానికి బండి వచ్చింది కాబట్టి బతికింది. సాయంత్రం వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు.

వారం రోజుల మందు ఇంట్లో ఉంచుకోనివ్వమని అర్జీ పెట్టాను. శాఖలో లెక్కలు కట్టే యంత్రాన్ని మేమంతా అంచనా అంటాం. అది జవాబు పంపింది. వచ్చే చైత్రంలో గాలి మూడు రోజులకు మించదట, అవసరం లేదట. కిందటిసారీ మూడు రోజులే అన్నావు కదా అని మళ్ళీ రాశాను. ఒక విషయం మీద ఒకే అర్జీ పెట్టుకోవాలని వచ్చింది. సరే, మొండితనంలో నేనేం తక్కువ తినలేదు.

శ్రావణం 11

మా అవ్వ అన్నం వండే ముందు కొలిచిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. ఎవరికవ్వా అంటే రేపటికి అనేది. కరువు ఏడాదిలో మా ఇంట్లో ఉన్నది ఆ కుండ ఒక్కటే. అయినా సరే, తర్వాత చట్టం వచ్చినప్పుడు ఆ కుండను నా చేత్తోనే శాఖకు అప్పగించాను. అవ్వ నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడనిపిస్తోంది, నెలకే మాట్లాడి తప్పు చేసిందని.

జొన్నల సంగతి తేలిక. వంటింట్లో అరల కింద తూకపు పళ్ళెం ఉంటుంది. దాని మీంచి లేచింది తిన్నట్టే లెక్క. పూటకో పిడికెడు లేస్తోంది, మేం తినడం లేదు, పళ్ళేనికి ఆ తేడా తెలియదు.

మందుతోనే తంటా. హిమజ వాటాలో ఒక్క చుక్క తగ్గించడానికి వీల్లేదు. అయితే ట్యూబులో అవసరానికి మించి కొంచెం మందు పోస్తారు. సూదికి అందకుండా అడుగున ఉండిపోయేది అదే. ఖాళీ ట్యూబుతో పాటు దాన్నీ మర్నాటి బండిలో వెనక్కి పంపాలి, కింద తూస్తారు. ఆ అడుగు మందును పెద్ద సూదితో లాగి సీసాలోకి తీసి, అంతే బరువుకు నీళ్ళు పోసి పంపుతున్నాం. తూకానికి రుచి తెలియదు. నాకు తెలిసిన తూకపు రహస్యాలన్నీ దొంగల దగ్గర నేర్చుకున్నవే, ఇది నా సొంతం.

ఇరవై రోజుల అడుగు మందు కలిస్తే ఒక రోజు మందు. హిమజ మొదట వద్దని గొడవ పెట్టుకుంది. పట్టుబడితే అరవై ఏళ్ళ వయసులో నిన్ను లోపలేస్తారంది. వేస్తే అక్కడా గంజి పోస్తారులే అన్నాను. రెండు రోజులు అలిగి, మూడో రోజు నా చేతులు వణుకుతున్నాయని సూది లాక్కుంది. ఇప్పుడు ఆ పని దానిదే.

భాద్రపదం 20

జొన్నల కుండ నిండింది. వంటింట్లో పెడితే పళ్ళెం పసిగడుతుంది, పెరట్లో పెడితే పురుగు పడుతుంది. మందు సీసాకు చల్లదనం కావాలి. చల్లపెట్టెలో పెడదామంటే తలుపు తీసిన ప్రతిసారీ లోపల ఏముందో అది శాఖకు పంపుతుంది. ప్రస్తుతానికి తడి ఇసుక కుండలో సీసాను పాతి, మంచం కింద పెట్టి, పూటపూటకూ నీళ్ళు చల్లుతున్నాం.

మా గుండ్లమిట్టలో ఉన్నవి ఎనిమిది ఇళ్ళు. పక్కింటి మద్దిలేటి మామకు డెబ్బై ఎనిమిది. వాళ్ళ కొట్టం కింద పాతర ఉండేదని చిన్నప్పుడు విన్నాను. రెండు నిలువుల లోతు గొయ్యి తీసి, చుట్టూ చొప్ప పరిచి, గింజ పోసి, మూతి మట్టితో మెత్తితే లోపల గాలి లేక పురుగు చచ్చిపోతుంది. మూడేళ్ళయినా గింజ చెక్కుచెదరదు. వెళ్ళి అడిగాను.

"ఏం పాతరమ్మా? యాడి పాతర? మా నాయన కాలంలోనే పూడిసినారు" అన్నాడు మామ, నా మొహం వంక చూడకుండా.

ఇలా వరుసగా పదిహేను రోజులు పూడ్చాడు. మంచినీళ్ళు ఇచ్చాడు, మోకాళ్ళ నొప్పి గురించి చెప్పాడు, పాతర మాట ఎత్తితే చెవుడు వచ్చేది. అతని తప్పేం లేదు. ఇరవై ఏళ్ళ కింద వాళ్ళింట్లో రెండు శేర్ల వేరుశనగ విత్తనం పట్టుకున్నది నేనే. చివరికి ఇవాళ జొన్నల కుండ ఎత్తుకుపోయి అతని ముందు బోర్లించాను. మందు సంగతి మొత్తం చెప్పాను. చెప్తూ ఉంటే ఏడుపు ఆగలేదు, అదీ దాచుకోలేదు.

మామ గింజలు రెండు నోట్లో వేసుకుని నమిలాడు. తర్వాత లేచి ఆవును కట్టే గాటి పక్క పేడ దిబ్బ జరిపాడు. దాని కింద బండ ఉంది.

కార్తీకం 14

పనులు చాలా ఉన్నాయి. వేపాకు ఎండబెట్టాం. పొయ్యి బూడిద జల్లించి పెట్టుకున్నాం, గింజలో కలపడానికి. ఉప్పు చిటికెడు చిటికెడుగా చేరుతోంది. మిరపకాయలు హిమజ తన జాకెట్టు చేతుల్లో కుట్టి, ఎవరి కంటా పడకుండా మామ కొట్టానికి చేర్చింది, పిల్ల నన్ను మించిపోయేలా ఉంది. నీళ్ళకు మాత్రం లోటు లేదు, మిట్ట వెనక ఊట ఉంది. పాతర లోపలి గోడకు మామా నేనూ ఎర్రమట్టి అలికాం. మందు సీసాలో నేటికి ఐదు రోజులది ఉంది.

ఒక్క సంగతే బాధగా ఉంది. నేను వీధిలోకి వస్తే మిట్టలో మాటలు ఆగిపోతాయి. ఇవాళ దేవదానం ఇంటి ముందు నలుగురు ఏదో మాట్లాడుకుంటున్నారు. అతను మా ఇళ్ళ మీది తీగ స్తంభాలు చూసే మనిషి, కిందటి చైత్రంలో హిమజకు బాగాలేనప్పుడు గాలిలోనే స్తంభం ఎక్కబోయాడు. నన్ను చూసి అందరూ ఎండ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు, అదీ కార్తీకంలో. ఉద్యోగం దిగి నాలుగేళ్ళయినా వాళ్ళకు నేను తూకందారునే. నేను ఇచ్చిన భయమే కదా, ఎవరిని ఏమనను.

మాఘం 9

పొద్దున గోడ మీద నోటీసు వెలిగింది. రేపటి నుంచి వెనక్కి వచ్చే ట్యూబుల్లో మిగిలినదాన్ని పరీక్ష చేస్తారట. రేపే ఇళ్ళ తనిఖీ. వచ్చేది జిలానీ బాషా. అతనికి పని నేర్పింది నేను. మంచం కింద ఇసుక కుండ చూశాడంటే, అది దేనికో నన్ను అడగక్కర్లేదు.

నీళ్ళు పోసి పంపే ఆట ఇవాళ్టితో ముగిసింది. సీసా ఎత్తి చూస్తే తొమ్మిది రోజుల మందు, పైన రవ్వంత. ఆరు నెలలు ఇద్దరం కాపలా కాసిన సీసా బొటనవేలంత ఉంది.

మధ్యాహ్నం మామా నేనూ పాతర వేసేశాం. ముందు అడుగున ఇసుక కుండ, అందులో సీసా. అక్కడే అన్నిటికన్నా చల్లగా ఉంటుంది. కుండ మీద మూకుడు, దాని చుట్టూ చొప్ప, ఆపైన మూటలు కట్టిన జొన్నలు, ఆపైన మామ దాచుకున్న కొర్రలు. బండ మూసి, మట్టి మెత్తి, పేడ దిబ్బ మళ్ళీ పైకి లాగాం. అక్కర పడేదాకా ఇక దీన్ని ముట్టకూడదన్నాడు మామ. ఊరికే తెరిస్తే గాలి తగిలి గింజ పాడవుతుందట. నాకూ అది బాగానే అనిపించింది.

మాఘం 10

జిలానీ వచ్చాడు. మూడు రోజుల లెక్క సరిగ్గా ఉందన్నాడు. నేనిచ్చిన టీ తాగాడు. మంచం కింద నేల మీద కుండ పెట్టిన చోట గుండ్రంగా తడి మచ్చ ఉంది, తుడవడం మర్చిపోయాను. అతను దాన్ని చూశాడు. చూసి, హిమజ చెల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. ఒక రోజు ముందే నోటీసు ఎందుకు వేశాడో నేనూ అడగలేదు.

చైత్రం 6

నిన్న సాయంత్రం పడమర ఎర్రబడింది. పొద్దునకల్లా ఎదుటి ఇల్లు కనబడటం లేదు. బండి రాలేదు, గోడ వెలగడం లేదు. చల్లపెట్టెలో ట్యూబులు మూడు.

తలుపుల సందుల్లో తడి గుడ్డలు కుక్కాం. హిమజ నిబ్బరంగానే ఉంది. నేనే గంటకోసారి లేచి ట్యూబులు లెక్కపెడుతున్నాను.

చైత్రం 8

మూడో ట్యూబు అయిపోయింది. పాతర తెరుద్దామని నిన్ననే మామను అడగాల్సింది. అక్కర పడేదాకా అన్న మాట పట్టుకుని కూర్చున్నాను. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. మూడు రోజులే అని అంచనా అన్నది కదా, ఈసారైనా నిజమవుతుందేమోనని లోపలెక్కడో ఆశపడ్డాను. ముప్పై ఏళ్ళు దాని మాట విన్న ఒళ్ళు ఇది.

చైత్రం 9

చేయి నొప్పి పుడుతోంది, అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పొద్దున్నే ఇంటి నుంచి ఇంటికి కట్టిన తాడు పట్టుకుని, కళ్ళకు గుడ్డ కట్టుకుని మామ కొట్టంలోకి వెళ్ళాం. బండ తీశాం. పుల్లటి, ముక్కు పగిలే గాలి కొట్టింది. మామ దీపం వెలిగించి తాడుతో లోపలికి దించాడు. నిలువు లోతు కూడా పోలేదు, టప్పున ఆరిపోయింది. ఇంకోసారి దించాడు, మళ్ళీ ఆరింది.

పాతరలో దీపం ఆరితే మనిషీ ఆరినట్టే. పాత రోజుల్లో తెరిచి ఒక పగలంతా వదిలేసి, మర్నాడు దిగేవారట. మాకు మర్నాడు లేదు. ఏ గాలి లేకపోతే గింజ నిలుస్తుందో, ఆ గాలి లేని చోటే, అన్నిటికన్నా అడుగున, నా కూతురి ప్రాణం పెట్టాను. తనిఖీ భయంతో చల్లదనం చూశాను గానీ, తీసుకునే వేళ చూడలేదు. తూకందారు బుర్ర అది, దాచడం మాత్రమే ఆలోచించింది.

మామ గోనెసంచి తడిపి తాడుకు కట్టి పాతరలోకి పైకీ కిందికీ ఊపాడు, లోపలి గాలి కదులుతుందని. అతనికి పావుగంటకే ఆయాసం వచ్చింది. తర్వాత నేను ఊపాను. దీపం ఇంకో మూర కిందికి పోయి ఆరింది. హిమజ గడప మీద కూర్చుని మాటిమాటికీ నీళ్ళు తాగుతోంది. దాహం మొదలైందంటే ఎక్కువ వ్యవధి లేదు.

అప్పుడు నేను ఎన్నడూ చేయని పని ఒకటి చేశాను. తాడు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టాను. పాతర వేశాం, మందు దాచాం, అందులో ఇరుక్కుంది, సాయం రండి అని అరిచి చెప్పాను. ఎనిమిది ఇళ్ళకూ నా నేరం నా నోటితోనే తెలిసింది.

మొదట వచ్చినవాడు దేవదానం. వెనక చక్రాల మీద ఏదో లాక్కొస్తున్నాడు. గోతాలు తీస్తే కాలితో తొక్కే గాలి పంపు, దానికి ముప్పై అడుగుల గొట్టం. బండి చక్రాలకు గాలి కొట్టే పాతకాలపుది. సొంత బండ్లలో సరుకు చేరవేస్తున్నారని శాఖ వీటిని పన్నెండేళ్ళ కిందే జప్తు చేసింది, ఆ జట్టులో నేనూ ఉన్నాను.

"తిట్టకక్కా. నీ కళ్ళబడకుండా దీన్ని దాచలేక సచ్చినా" అన్నాడు.

గొట్టం అడుగుకు దించి తొక్కడం మొదలుపెట్టాడు. అతను అలిసిపోతే ఇంకొకరు. ఒకామె నూనె తెచ్చింది, దీపం ఆరకుండా. ఒకాయన పురి విడని కొత్త మోకు తెచ్చాడు. ఏదీ మూడు రోజుల సరుకు కాదు. ఎవరూ ఎవరినీ ఎక్కడిదని అడగలేదు. మధ్యాహ్నం దాటాక దీపం అడుగుదాకా పోయి వెలుగుతూ ఉండిపోయింది.

నేనే దిగాను. మూతి ఇరుకు, దేవదానం భుజాలు పట్టవు. మామ వద్దన్నాడు, హిమజ వద్దని ఏడ్చింది. తప్పు నాది, దిగేదీ నేనే అన్నాను. నడుముకు మోకు కట్టి, దీపం చేత్తో పట్టుకుని, మూటలు ఒక్కొక్కటిగా పైకి అందించాను. తల దిమ్మెక్కినప్పుడల్లా గొట్టం మూతి దగ్గర మొహం పెట్టి గాలి పీల్చాను. పైన వాళ్ళు కాలు ఆపకుండా తొక్కుతూనే ఉన్నారు. కుండ చేతికి తగిలింది. మూకుడు తీస్తే ఇసుక ఇంకా చల్లగా ఉంది.

హిమజ సూది వేసుకునేసరికి పొద్దు ఇంకా ఉంది. కొట్టంలోనే గోడకు ఆనుకుని కూర్చున్నాం. నేను బిగ్గరగా ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, పక్కన కూర్చున్నారంతే. అదే బాగుంది.

చైత్రం 12

గాలి తగ్గలేదు. కానీ మిట్టలో ఎవరూ పస్తు లేరు. రోజుకో ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నాం, అందరూ తాడు పట్టుకుని అక్కడికే వస్తున్నారు. నిన్న మా ఇంట్లో జొన్న సంగటి, ఇవాళ దేవదానం ఇంట్లో కొర్రన్నం, ఉలవచారు, ఎండు మాంసం తునకలు కూడా. ఆ తునకలు ఎప్పటివని నేను అడగబోతే అందరూ నవ్వారు.

ఎనిమిది ఇళ్ళల్లోనూ దాచుకున్నారు. అందరూ నాకు తెలియకుండానే. ఎవరి అరుగు కింద ఏముందో ఒకరికొకరికి ఎప్పటి నుంచో తెలుసు. కార్తీకంలో వాళ్ళు ఎండ గురించి ఎందుకు మాట్లాడారో ఇప్పుడు అర్థమైంది. నేను ఒంటరిగా దాస్తున్నాననుకుని ఆరు నెలలు కుమిలిపోయాను. సిగ్గుగా ఉంది, అంతకన్నా ఎక్కువ సంతోషంగా ఉంది.

కరువు ఏడాది వాళ్ళు తాళం వేశారు. వీళ్ళు తలుపు తీశారు. ఈ రెంటికీ ఒకటే పేరు పెట్టి ఒకటే తూకం వేశాను ఇన్నేళ్ళూ.

చైత్రం 15

నిన్న సాయంత్రం గాలి పడిపోయింది. తొమ్మిది రోజులు. పొద్దున బండి గంట మోగితే మిట్టంతా బయటికి వచ్చింది.

గూడు తెరిచాను. జొన్నలు చేత్తో ఎత్తగానే తేడా తెలిసింది. అవి ఒక మనిషి కొలత. ఉప్పూ అంతే, పప్పూ అంతే. ట్యూబు లేదు.

గూటి దగ్గరే నిలబడి శాఖను పిలిచాను. హిమజ మందు రాలేదన్నాను. ఆ పేరు మీద ఈ ఇంట్లో ఎవరూ లేరని జవాబు వచ్చింది. మూడు ట్యూబులు ఉన్న మనిషికి తొమ్మిది రోజుల గాలి. బతికి ఉండదని అంచనా లెక్క వేసుకుంది, పేరు కొట్టేసింది. పిల్ల నా పక్కనే నిలబడి ఆ మాట వింది.

"లెక్క తప్పేం కాదమ్మా. నువ్వు దాచకపోతే అదే నిజం" అంది.

సీసాలో ఇవాళ్టిది కాక ఇంకా రెండు రోజులది ఉంది.

చైత్రం 16

జిలానీ వచ్చాడు. పరామర్శకని తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో ఖర్జూరం పొట్లం, చంకలో శాఖ పలక. వేలిముద్ర వేయించుకుని పేరు మూసేయడానికి వచ్చాడు. వాకిట్లో హిమజ చాటతో జొన్నలు చెరుగుతోంది. అతను గేటు దగ్గరే ఆగిపోయాడు. పొట్లం కింద పడింది. తర్వాత అక్కడే అరుగు మీద కూలబడి చాలాసేపు మొహం తుడుచుకున్నాడు. మంచినీళ్ళు హిమజే ఇచ్చింది.

తేరుకున్నాక అతను పని చెప్పాడు. పేరు మళ్ళీ తెరవాలంటే, మూడు రోజుల మందుతో పదకొండు రోజులు ఎలా ఉందో కారణం చూపాలి. పలక మీద మూడు కారణాలు ఉన్నాయి. పొరుగూరి సాయం, రోగం తగ్గడం, అంచనాలో పొరపాటు. మూడోది నొక్కితే ఇక్కడే, ఇప్పుడే పేరు తెరుచుకుంటుంది. ఎవరూ ఏమీ అడగరు. పాతర ఎవరిదో, మందు ఎక్కడిదో ఎక్కడా రాయక్కర్లేదు.

"పొరపాటని పెడతా మేడమ్. మీకేం కాదు. చెల్లి మందు రేప్పొద్దున వస్తాది" అన్నాడు. అతను నా మీద గౌరవంతోనే చెప్తున్నాడు, నాకు తెలుసు.

సీసాలో ఉన్నది ఇక రేపటికి ఒక్క రోజు మందు. తల ఊపితే చాలు. కానీ ఆ పలక పని నాకు అతనికన్నా బాగా తెలుసు. పొరపాటని రాస్తే ఒక్క పేరు దిద్ది కాగితం మూసేస్తారు. వచ్చే చైత్రానికి మళ్ళీ మూడు ట్యూబులే. ఇంకో మిట్టలో, గాలి పంపు లేని చోట, ఇంకో పిల్ల పేరు కొట్టేస్తారు, అక్కడ ఆ లెక్క నిజమే అవుతుంది. నాలుగో గడి ఒకటి ఉంది, ఇతరములు అని. అందులో రాసింది పై శాఖ దాకా పోవాలి, అక్కడ మనిషి చదవాలి, యంత్రం కాదు. నేను ఉన్న ముప్పై ఒక్క ఏళ్ళల్లో ఎవరూ దాన్ని నింపలేదు, నింపితే శిక్ష పడేది నింపినవాళ్ళకే.

నా ఒక్కదాని శిక్ష అయితే క్షణం ఆలోచించేదాన్ని కాదు. ప్రాణం హిమజది. కాగితం పైకి పోతే మందు రేపు వస్తుందో, వారానికి వస్తుందో జిలానీ కూడా చెప్పలేడు. అందుకని నిర్ణయం దానికే వదిలి, దాని వంక చూశాను.

హిమజ చాట పక్కన పెట్టి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"పొరపాటని రాయొద్దన్నా. నేను పొరపాటున బతకలా. మా అమ్మ దాచింది, ఈ ఊరోళ్ళు తీసిచ్చినారు, బతికినా. అదే రాయి."

జిలానీ దాన్ని ఒప్పించడానికి చూశాడు. మందు ఆగిపోతే ఏం చేస్తావన్నాడు. గాలిలోనే మిమ్మల్ని అడగలేదు, ఎండలో అడుగుతామా అంది. ఈలోపు మద్దిలేటి మామ కర్ర పోటు వేసుకుంటూ వచ్చాడు. పాతర తనదని, తన పేరు ముందు రాయమని కూర్చున్నాడు. దేవదానం పంపు తెచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు. మిగతా ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ దగ్గర ఏమేం ఉన్నాయో వరుసగా చెప్పారు. ఉప్పు, నూనె, మోకు, ఎండుతునకలు, ఉలవలు, అగ్గిపెట్టెలు. ఎవరూ గొంతు తగ్గించి చెప్పలేదు. జిలానీ తలెత్తకుండా రాసుకుంటూ పోయాడు. మధ్యలో ఒకసారి ఆగి, ఇదంతా పంపితే నా ఉద్యోగం కూడా పోతుందేమో మేడమ్ అన్నాడు. పోతే మిట్టకు వచ్చేయి, గంజి పోస్తాం అన్నాను. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు.

నాలుగో గడిలో అతను రాసింది నాకు చూపించాడు. కారణం: ఇంట్లో నిల్వ ఉంది, ఊళ్ళో మనుషులున్నారు. నేను చదివి, కింద తిరుపాలమ్మ, మాజీ తూకందారు అని వేలుతో రాశాను.

చైత్రం 18

నిన్న ఆఖరి చుక్క కూడా అయిపోయింది. ఇవాళ పొద్దున హిమజా నేనూ గూటి ముందే కూర్చున్నాం. మిట్టలో మిగతావాళ్ళూ పనులు మానుకుని వచ్చారు. బండి వచ్చింది. ఇద్దరి కొలత జొన్నలు, ఒక ట్యూబు. హిమజ దాన్ని పిడికిట్లో బిగించుకుని, మిట్టంతా చూసేటట్టు చేయి పైకెత్తింది.

ట్యూబు కింద ఒక కాగితం కూడా ఉంది. ఎనిమిది రోజుల్లో పాతర పూడ్చాలి, నేనూ మామా దేవదానం పై శాఖలో హాజరై సంజాయిషీ చెప్పుకోవాలి. వెళ్తాం. అక్కడ చదివేది మనిషే అయితే, చెప్పడానికి మా దగ్గర చాలా ఉంది.

పూడ్చే ఉద్దేశం మాత్రం ఎవరికీ లేదు. దేవదానం గాలి గొట్టాన్ని పాతర గోడలో శాశ్వతంగా బిగిస్తున్నాడు. మామ మంచం మీంచి ఆజ్ఞలు వేస్తున్నాడు. హిమజ మూతికి దగ్గరగా, చేయి చాస్తే అందేటట్టు, పక్క గోడలో చిన్న గూడు తవ్వుతోంది. ఈసారి మందు అడుగున పెట్టం.